పర్సులో చోటు

నెల్లూరు నుంచి మైపాడు వచ్చే దారిలో చివరి కొన్ని కిలోమీటర్లు రెండు పక్కలా రొయ్యల గుంటలే. ఏరియేటర్ల చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. సరుగుడు తోపు పక్కగా వచ్చి, రోడ్డు ఇసుకలో కలిసే చోటుకు కాస్త ముందు ఒక టీ బంకు. బెంచీ మీద ఇప్పటికే నలుగురున్నారు. జరగమంటే జరుగుతారు, కూర్చోండి.

2025 డిసెంబరు 16, మంగళవారం. మధ్యాహ్నం రెండున్నర కావస్తోంది. చక్కిలాల సీసాకు ఆనించి నిలబెట్టిన ఫోనులో అబుధాబి కనిపిస్తోంది. ఎతిహాద్ అరీనాలో ఐపీఎల్ వేలం. తెర మీద అడ్డంగా పగులు ఉండటంతో పది జట్ల టేబుళ్లలో రెండు మనకు సగమే అందుతున్నాయి. వేలం నడిపే మల్లికా సాగర్ సుత్తి పక్కన పెట్టుకుని నవ్వుతున్నారు.

బెంచీ ఈ చివర పసుపు టీషర్టు, ఆ చివర నారింజ టోపీ. ఇద్దరూ మేనత్త మేనమామ బిడ్డలు, నెల్లూరులో ఒకే కాలేజీలో డిగ్రీ. అయినా జట్టు ఒకటి కాదు, పసుపు చెన్నైది, నారింజ హైదరాబాద్ సన్‌రైజర్స్‌ది. ఈ తీరంలో ఇది కొత్తేం కాదు. చెన్నై మూడు గంటల దూరం. పెద్దాసుపత్రికైనా, పట్టుచీరకైనా, పట్టిన చేపను అమ్మడానికైనా అటే పోతారు. హైదరాబాదంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అందుకే ధోనీ బొమ్మ ఈ పాలేల్లో గోడలెక్కినంతగా మరొకరి బొమ్మ ఎక్కలేదు. సన్‌రైజర్స్ అభిమానులూ ఉన్నారు గానీ, కాస్త గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తుంది వాళ్లకు.

ఇద్దరి మధ్యా గుంటల దగ్గర పనిచేసే టెక్నీషియన్ ఒకాయన. జేబులో మేత కంపెనీ వాళ్లిచ్చిన చిన్న నోటుబుక్కు. ముందు పేజీల్లో గుంట నంబర్లు, ఎన్ని కిలోల మేత వేశారు, కౌంటు ఎంత. ఆగస్టులో అమెరికా సుంకాలు యాభై శాతానికి చేరినప్పటి నుంచి ఆ పేజీలు తిప్పాలంటేనే ఆయనకు విసుగు. ఇవాళ చివరి పేజీ తీశాడు. పై నుంచి కిందికి పది జట్లు, ఎదురుగా పర్సులో మిగిలిన కోట్లు. కోల్‌కతా 64.30. చెన్నై 43.40. హైదరాబాద్ 25.50. అట్టడుగున ముంబై, 2.75.

నాలుగో మనిషి పెద్దాయన. చెన్నై కాసిమేడులో బోట్ల మీద చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. క్రికెట్ మీద ఆసక్తి లేదు, టీ మీద ఉంది.

"ఏందబ్బయా, మడుసుల్నే అమ్ముతుండారా?"

"మడుసుల్ని కాదు తాతా, కాంట్రాక్టుల్ని" అన్నాడు నారింజ టోపీ.

"కాంట్రాక్టొకటే పోయి మడిసి ఆడ్నే ఉంటాడా ఏంది?"

దానికి జవాబు రాకముందే కామెరాన్ గ్రీన్ పేరు వచ్చింది. మొదటి చెయ్యి ఎత్తింది ముంబై. కనీస ధర రెండు కోట్లు, వాళ్ల దగ్గరున్నది రెండు కోట్ల డెబ్భై అయిదు లక్షలు. హాలంతా నవ్వు, మన బెంచీ మీద కూడా. ఆ తర్వాత నవ్వులు ఆగిపోయాయి. పది దాటింది, పదిహేను దాటింది. చివరికి చెన్నై, కోల్‌కతా మిగిలాయి. పసుపు టీషర్టు కుర్రాడు అరటిపండు సగం ఒలిచి అలాగే పట్టుకున్నాడు. ఇరవై అయిదు కోట్ల ఇరవై లక్షలకు సుత్తి పడింది, కోల్‌కతాకు.

టెక్నీషియన్ 64.30 కింద 25.20 రాసి తీసివేశాడు. 39.10. దాని పక్కన ఇంకో అంకె వేసి చుట్టూ గీత గీశాడు: 18.

నోటుబుక్కు మన వైపు కొంచెం తిప్పాడు కాబట్టి చూడండి. మినీ వేలంలో విదేశీ ఆటగాడు ఎంత పలికినా చేతికి అందేదానికి హద్దు ఉంది. ఈసారి ఆ హద్దు 18 కోట్లు. మిగతా 7 కోట్ల 20 లక్షలు బోర్డుకు పోతాయి, ఆటగాళ్ల సంక్షేమానికని. కోల్‌కతా పర్సులో మాత్రం పూర్తి ఇరవై అయిదు చిల్లరా ఖాళీ అవుతుంది. పర్సు వేరు, జేబు వేరు.

అసలు కోల్‌కతాకు అరవై నాలుగు కోట్లు ఎక్కడివి? ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద పెట్టగల మొత్తం రాబోయే సీజన్‌కు 125 కోట్లు. ఓనరు అంబానీ అయినా, షారుఖ్ ఖాన్ అయినా అంతే, దాటడానికి లేదు. చోటు కావాలంటే ఉన్నవాళ్లను పంపాలి. ఏడాది కిందట 23 కోట్ల 75 లక్షలు పెట్టి తెచ్చుకున్న వెంకటేశ్ అయ్యర్‌ను వదిలేశారు. పన్నెండు కోట్ల రసెల్‌నూ వదిలేశారు. చూస్తుండగానే అయ్యర్ పేరు వచ్చింది. బెంగళూరు ఏడు కోట్లకు తీసుకుంది. నారింజ టోపీ వేళ్ల మీద లెక్కేశాడు: పదహారు కోట్ల డెబ్భై అయిదు లక్షలు తక్కువ. టీ గ్లాసు ఇంకా వేడి తగ్గలేదు.

అందరి కథా అట్లాగే పోదు. చెన్నై పదమూడు కోట్ల పతిరనను వదిలేసింది. నాలుగు గంటల ప్రాంతంలో అదే పతిరన కోసం కోల్‌కతా 18 కోట్లు పెట్టింది. "అయిదు కోట్లు లాభం వాడికి" అని పసుపు టీషర్టు చాలా బాధగా చెప్పాడు. బాధ పతిరన గురించి కాదు. నవంబరు 15 నుంచీ ఆ కుర్రాడి మనసులో ఉన్నది వేరే పేరు.

పెద్దాయనకు చెప్పాలి కాబట్టి టెక్నీషియన్ కొత్త పేజీ తిప్పాడు. వేలానికి నెల ముందు, ఎవరిని ఉంచుకుంటున్నారో చెప్పే గడువు రోజున, చెన్నై రవీంద్ర జడేజాను, శామ్ కరన్‌ను రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను తెచ్చుకుంది. ట్రేడ్ అంటారు. లెక్క ఇట్లా వేశాడు.

చెన్నై నుంచి పోయింది: జడేజా 18, కరన్ 2.40, మొత్తం 20.40. వచ్చింది శాంసన్ 18. మిగులు 2.40.

రాజస్థాన్ నుంచి పోయింది: శాంసన్ 18. వచ్చింది జడేజా 14, కరన్ 2.40, మొత్తం 16.40. మిగులు 1.60.

పెన్ను ఆగింది. పెద్దాయన ముందుకు వంగి పేజీ చూశాడు. చదువు తక్కువేమో గానీ, చేపల పాట దగ్గర నిలబడిన మనిషికి అంకెలు పోల్చుకోవడం రాకుండా ఉండదు.

"ఇచ్చినోడికీ మిగిలింది, పుచ్చుకున్నోడికీ మిగిలింది. యాడ్నించి వొచ్చింది సామీ ఈ డబ్బు?"

2.40, 1.60. కలిపితే సరిగ్గా నాలుగు కోట్లు. చెన్నైలో పద్దెనిమిది ఉన్న జడేజా ధర రాజస్థాన్‌లో పద్నాలుగు అయింది. ఒప్పందంలో భాగంగా తగ్గించామని లీగే ప్రకటించింది. రెండు జట్ల పర్సుల్లోనూ పుట్టిన చోటు ఒకే మనిషి జీతంలోంచి వచ్చింది. పేపర్లన్నీ ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని రెండు జట్లనూ తూకం వేశాయి. నాకైతే ఈ పేజీలో కనిపించేది మూడో ఖాతా.

ఐపీఎల్‌లో ట్రేడ్‌కు ఆటగాడి సమ్మతి ఉండాలి. జడేజా ఒప్పుకునే వెళ్లాడు, అందులో దాపరికం లేదు. ఈ నెల ఆరున ముప్పై ఏడు నిండాయి. 2008లో ఐపీఎల్‌లో అడుగుపెట్టింది ఆ రాజస్థాన్‌తోనే. ఇంకో సంగతి ఈ కుర్రాళ్లకు తెలిసే వయసు కాదు. 2010లో జడేజా ఆ సీజన్ మొత్తం ఆడలేదు. రాజస్థాన్‌తో ఒప్పందం పొడిగించుకోకుండా సొంతంగా వేరే జట్టుతో బేరమాడాడని లీగు ఏడాది నిషేధించింది. ఆటగాడు తనంతట తాను జట్టు మారబోతే అప్పుడు నేరం. జట్లు రెండూ కూర్చుని మారిస్తే ట్రేడ్.

"2023 ఫైనల్ చూసినావా తాతా? ఆఖరి రెండు బంతుల్లో సిక్సు, ఫోరు. ధోనీ ఎత్తుకున్నాడు ఆయన్ని" అన్నాడు పసుపు టీషర్టు. పెద్దాయన చూడలేదు. అయినా తలూపాడు.

నారింజ టోపీ నవ్వబోయాడు. "నవ్వమాక బావా, మీ షమీ సంగతేంది?" అని ఇటునుంచి దెబ్బ.

షమీ సంగతి ఇది. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో హైదరాబాద్ పది కోట్లకు కొంది. అప్పటికే క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్, హెడ్ చెరి 14, నితీశ్ కుమార్ రెడ్డి 6 అని అయిదుగురికే 75 కోట్లు అయిపోయాయి. ఉన్న కొద్దిలో పది కోట్లంటే చిన్న మాట కాదు. సీజన్లో షమీ తొమ్మిది మ్యాచుల్లో ఆరు వికెట్లు తీశాడు. ఏప్రిల్ 12న ఉప్పల్లో పంజాబ్ మీద నాలుగు ఓవర్లకు 75 పరుగులిచ్చాడు. ఆ రాత్రి అభిషేక్ 141 కొట్టి 246 లక్ష్యాన్ని ఛేదించబట్టి గాని, లేకపోతే ఊరంతా ఆ 75నే తలుచుకునేది. నవంబరులో షమీని లక్నోకు పంపేశారు. బదులుగా ఆటగాడెవరూ రాలేదు. పది కోట్ల చోటు వచ్చింది.

"అంటే మడిసిని ఇచ్చి చోటు తెచ్చుకున్నారు" అన్నాడు పెద్దాయన. గ్లాసు కింద పెట్టి, తుండుతో మూతి తుడుచుకుని, మొదటిసారి తన సంగతి ఎత్తాడు. "కాసిమేడులో నేను బోటు మారినప్పుడు గూడ ఇట్టనే. పాత ఓనరు దగ్గిర నా అడ్వాన్సు ఉండాది గదా, కొత్త ఓనరు అది ఆయనకి కట్టినాడు. నా చేతికేం రాలా. ఆ బోటు దిగినా, ఈ బోటెక్కినా."

"ఆల్ క్యాష్ డీల్ తాతా అది!" నారింజ టోపీ చప్పట్లు కొట్టాడు.

పోలిక బాగుంది గానీ ఒకచోట సరిపడదు. ఊరికే వదిలేసినా హైదరాబాద్‌కు ఆ పది కోట్లే వచ్చేవి కదా, ట్రేడ్ ఎందుకు? వదిలేస్తే షమీ వేలానికి వస్తాడు, లక్నోకు దక్కుతాడో లేదో. ట్రేడ్ అయితే కొనేవాడికి ఖాయం. పైగా జట్ల మధ్య ట్రాన్స్‌ఫర్ ఫీజు అని ఒకటి చేతులు మారవచ్చు. అది పర్సు లెక్కలోకి రాదు, బయటికి చెప్పనక్కర్లేదు. రెండేళ్ల కిందట హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి తిరిగి వచ్చినప్పుడు 15 కోట్ల చోటు కావలసి వచ్చింది. అప్పుడు ముంబై ఎవర్ని పంపిందో గుర్తుందా? ఇందాక ఇరవై అయిదు కోట్లు పలికిన ఈ గ్రీన్‌నే. పదిహేడున్నర కోట్లకు బెంగళూరుకు ఇచ్చేసి, ఆ ఖాళీలో హార్దిక్‌ను కూర్చోబెట్టారు. గ్రీన్ బాగా ఆడాడా లేదా అన్నది ఆ లెక్కలో లేదు. ముంబైకి అతనిచ్చిన ఒక్క సీజన్లో సెంచరీ కూడా ఉంది.

నీడలు సాగుతున్నాయి. ఇసుకలో పాలెం పిల్లలు కబడ్డీ గీతలు గీసి ఆడుతున్నారు. అందులో ఒకడి చొక్కా మీద తెలుగు టైటాన్స్ బొమ్మ వెలిసిపోయి ఉంది. అక్కడా ఇదే ఆట. 2023లో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొంది, కబడ్డీలో అప్పటిదాకా ఎవరూ వినని ధర. మరుసటి ఏడు 1 కోటి 72 లక్షల 50 వేలు. 2025లో వదులుకుంది. పవన్ 59 లక్షల 50 వేలకు తమిళ్ తలైవాస్‌కు పోయాడు. టైటాన్స్ ఆ డబ్బులో భరత్ హుడాను, విజయ్ మాలిక్‌ను సర్దుకుని ఈ ఏడు ప్లేఆఫ్స్ దాకా వెళ్లింది. ఒక పెద్ద జీతం పోయి రెండు మధ్య జీతాలు రావడం కొన్నిసార్లు పనిచేస్తుంది. ఎప్పుడూ కాదు.

సాయంత్రం ఆరు దాటాక నారింజ టోపీ ఫోను మోగింది. టెక్సస్‌లో ఫ్రిస్కో నుంచి వాళ్లన్న. అక్కడ తెల్లవారుతోంది, పిల్లాడిని బడికి తయారు చేస్తూ మాట్లాడుతున్నాడు. ఆ పిల్లాడు పది నెలలుగా 77 నంబరు చొక్కాను బీరువాలోంచి తీయడం లేదట. డాలస్ మావెరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు ప్రాణంగా ఉన్న లూకా డాంచిచ్‌ను ఫిబ్రవరిలో రాత్రికి రాత్రే లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేశారు. బదులుగా ఆంథొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029లో ఒక డ్రాఫ్ట్ ఎంపిక. డాంచిచ్ డాలస్‌లోనే ఉండుంటే కొద్ది నెలల్లో అయిదేళ్లకు 34 కోట్ల డాలర్లు దాటే కాంట్రాక్టుకు అర్హుడయ్యేవాడు. అంత బరువు ఒక్కడి మీద పెట్టడానికి యాజమాన్యానికి ధైర్యం చాలలేదంటారు. బేరం చేసిన మేనేజరు నికో హారిసన్‌ను నవంబరు 11న తీసేశారు. మన జడేజా వార్తకు నాలుగు రోజుల ముందు.

"ఆడ ప్లేయర్‌ను అడగరురా. పొద్దున లేచి చూసుకుంటే ఊరు మారిపోయి ఉంటది" అంటున్నాడు అన్న, స్పీకరులో.

నిజమే. కాంట్రాక్టులో అరుదుగా ఉండే వీటో షరతు ఉంటే తప్ప ఎన్‌బీఏ ఆటగాడికి సాధారణంగా కాదనే హక్కు లేదు. జీతాల పరిమితి అనేదాన్ని ఇప్పటి రూపంలో తెచ్చింది కూడా వాళ్లే. 1984-85లో జట్టుకు 36 లక్షల డాలర్లు. ఈ సీజన్లో 15 కోట్ల 46 లక్షల డాలర్లు. ఐపీఎల్ పర్సులా అది గట్టి గోడ కాదు. సొంత ఆటగాళ్లను నిలుపుకోవడానికి దాటవచ్చు. దాటిన కొద్దీ పన్ను, ఇంకా దాటితే రెండో గీత. అక్కడ డబ్బున్నా చేతులు కట్టేస్తారు. 2024లో పద్దెనిమిదో టైటిల్ గెలిచిన బోస్టన్ సెల్టిక్స్ ఏడాది తిరిగేసరికి జ్రూ హాలిడేను పోర్ట్‌లాండ్‌కు, పోర్జింగిస్‌ను అట్లాంటాకు పంపింది, ఆ గీత కిందికి దిగడానికి. ఇంకా విచిత్రం ఏమిటంటే, అక్కడ కాంట్రాక్టు ముగింపుకొచ్చిన ఆటగాడికి బేరంలో ప్రత్యేకమైన విలువ. అతని ఆటకు కాదు. కొద్ది నెలల్లో అతని జీతం పుస్తకాల్లోంచి చెరిగిపోతుంది కాబట్టి.

ఫోను పెట్టేసేలోపు వేలంలో ఏం జరిగిందో తప్పిపోయిందని గోల. తప్పిపోయింది కొంతే. సాయంత్రం అయిదు ప్రాంతంలో జరిగినదే ఇవాళ్టి అసలు ఘట్టం, దాన్ని బెంచీ మొత్తం చూసింది. దేశం తరఫున ఆడని కుర్రాళ్ల వంతు అది. ఉత్తరప్రదేశ్ నుంచి ప్రశాంత్ వీర్, ఇరవై ఏళ్లవాడు, కనీస ధర 30 లక్షలు. ఎడమచేతి స్పిన్ వేస్తాడు, ఎడమచేత్తో బాదుతాడు. వర్ణన వినగానే పసుపు టీషర్టు లేచి నిలబడ్డాడు. చెన్నై చెయ్యి దించలేదు. చివర్లో అవతల నిలిచింది సన్‌రైజర్స్, బావా బామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. 14 కోట్ల 20 లక్షలు. ఆ వెంటనే కార్తీక్ శర్మకు కూడా చెన్నై అంతే పెట్టింది. అన్‌క్యాప్డ్ ఆటగాళ్లలో అంత ధర ముందెప్పుడూ లేదు.

టెక్నీషియన్ జడేజా పేజీకి వెనక్కి తిప్పి, 14 పక్కన 14.20 రాశాడు. ఎవరికీ చూపించలేదు గానీ, మీరు పక్కనే కూర్చున్నారు కాబట్టి కనిపించింది.

పసుపు టీషర్టుకు ఇంకో దిగులుంది. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్. అండర్-19 ప్రపంచకప్పు గెలిచిన జట్టుకు వైస్ కెప్టెన్. పోయిన ఏప్రిల్లో లక్నోలో చెన్నైకి ఓపెనింగ్ దిగి 19 బంతుల్లో 27 కొట్టాడు. ముప్పై లక్షల ఆటగాడు, నవంబరులో అతన్నీ వదిలేశారు. నూట ఇరవై అయిదు కోట్లలో ముప్పై లక్షలు తీస్తే ఏం చోటొస్తుంది? రూపాయల్లో రాదు, మనుషుల్లో వస్తుంది. జట్టులో ఇరవై అయిదుగురికి మించి ఉండకూడదు. ఆ అంకెకూ ఒక పర్సు ఉన్నట్టే. అవతల విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డి 2024 సీజన్ మొత్తం 20 లక్షలకే ఆడి 303 పరుగులు చేశాడు. హైదరాబాద్‌కు దొరికిన అసలైన చోటు అది, ఏ ట్రేడ్ పుస్తకంలోనూ కనపడదు. మరుసటి ఏడు ఆరు కోట్లిచ్చి ఉంచుకున్నారు, న్యాయమే.

చీకటి పడింది. బంకు అక్క బల్బు వేసి, "ఇంకా ఎంతసేపబ్బా మీ పాట?" అని అడుగుతూనే మళ్లీ టీ పోసింది. మధ్యాహ్నం ఎవరూ అడగని లివింగ్‌స్టన్ పేరు రెండోసారి వచ్చింది. ఈసారి ఎగబడ్డారు. హైదరాబాద్, 13 కోట్లు. నారింజ టోపీ గాల్లోకి ఎగిరింది.

"ఇందులో ఆ షమీ పది కోట్లు ఉండాయా?" పెద్దాయన అడిగాడు.

"ఉండాయి తాతా. ఇంకో మూడు కలిపినాం."

"మరి ఆ జడేజా నాలుగు కోట్లు ఇప్పుడెవురి దగ్గిరుండాయి?"

టెక్నీషియన్ పేజీలు తిప్పాడు. చెన్నైకి మిగిలిన 2.40 ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మల ఖర్చులో కలిసిపోయింది. రాజస్థాన్‌కు మిగిలిన 1.60, రవి బిష్ణోయ్‌కి పెట్టిన 7.20లో పోయి ఉండొచ్చు.

"ఎవరి దగ్గరా లేవు పెద్దాయనా, ఖర్చయిపోయినాయి" అని నోటుబుక్కు జేబులో పెట్టుకుని, గుంటల మీద రాత్రి మేత వేళయిందని బండి తాళం కోసం వెతుక్కుంటున్నాడు.